పాట నాదే, రికార్డు ఎవరిదో!

పోయిన సంచికలో అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ తన పాత రికార్డులు తానే కొనుక్కున్న సంగతి రెండు లైన్లు రాశాను. ఆ రెండు లైన్లకి పద్నాలుగు ఉత్తరాలొచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఒకే మాట అడిగినవాళ్లని కలిపేశాను. నేను వకీలుని కాను. విజయవాడ గాంధీనగర్‌లో క్యాసెట్ల వ్యాపారంలో ఇరవై రెండేళ్లు పద్దులు రాసినవాణ్ని. అంతకుముందు ఆరేళ్లు రికార్డింగ్ సెంటర్ నడిపాను. జనం కాగితం మీద పాటల లిస్టు రాసిస్తే, ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాణ్ని. చట్టం ప్రకారం అది దొంగతనం. అప్పుడు నాకూ తెలీదు, లిస్టు రాసిచ్చిన వాళ్లలో ఉన్న ఇద్దరు ప్లీడర్లకీ గుర్తు రాలేదు.

*

ప్రశ్న: సార్, నేను బీటెక్ థర్డ్ ఇయర్. మా హాస్టల్లో అందరం స్విఫ్ట్ ఫ్యాన్స్. పాటలు తనే రాసుకుంటుంది, తనే పాడుతుంది. మరి అవి తనవి కాకుండా ఎలా పోయాయి? పాడిన పాటల్నే మళ్లీ ఎందుకు పాడింది? మా నాన్నతో చెబితే "అమ్ముకున్నాక ఏడవడమెందుకు?" అంటున్నారు.
– ఓ విద్యార్థిని, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అమ్మాయ్, మీ నాన్నగారి మాట తీసిపారేయడానికి లేదు. సంతకం పెట్టిన మాట నిజం. దేని మీద పెట్టింది, దేని మీద పెట్టలేదు అన్న దగ్గరే కథంతా ఉంది.

గుంటూరులో ఉన్నావు కాబట్టి ఆవకాయతో చెబుతాను. మీ అమ్మమ్మ చేతి కొలత ఒకటుంటుంది. ఇన్ని ముక్కలకి ఇంత కారం, ఇంత ఆవపిండి, ఇంత ఉప్పు, ఇంత నూనె. ఆ కొలత ప్రకారం ఈ వేసవిలో పెట్టిన జాడీ ఒకటుంటుంది. పాటకీ అంతే. మాటలూ బాణీ కలిసి కొలత. దాని మీద హక్కుని పబ్లిషింగ్ రైట్స్ అంటారు. ఆ పాటని ఫలానా రోజు, ఫలానా స్టూడియోలో, ఫలానా గొంతుతో పట్టిన రికార్డు జాడీ. అది మాస్టర్. (చట్టంలో ఆవకాయ కొలతకి కాపీరైట్ ఏమీ లేదు, పోలిక వరకే తీసుకో.)

మా రోజుల్లో మాస్టర్ అంటే చేత్తో పట్టుకోగలిగే వస్తువు. పళ్లెమంత స్పూలు, దానికి చుట్టిన టేపు, డబ్బా మీద పెన్నుతో రాసిన పాటల పేర్లు. మద్రాసు నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాళ్లు. క్యాసెట్లన్నీ దాన్నుంచే పుట్టాలి. ఆ డబ్బా ఎవరి బీరువాలో ఉంటే వ్యాపారం వాళ్లది.

స్విఫ్ట్ 2005లో, పదిహేనేళ్ల వయసులో, నాష్‌విల్ ఊళ్లో అప్పుడే మొదలవుతున్న బిగ్ మెషీన్ అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 2006 నుంచి 2017 దాకా ఆరు ఆల్బమ్‌లు. ఖర్చు కంపెనీది, జాడీలూ కంపెనీవే. అక్కడ అదే ఆనవాయితీ, ఇక్కడా అదే. 2019 జూన్‌లో ఆ కంపెనీనే స్కూటర్ బ్రాన్ అనే మేనేజర్ కొనేశాడు. అప్పట్లో పత్రికలన్నీ రాసిన ధర సుమారు 30 కోట్ల డాలర్లు. ఆరు జాడీలూ అటకతో సహా చేతులు మారాయి. మరుసటి ఏడాది, 2020లో, అతను వాటిని షామ్‌రాక్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకి అమ్మేశాడు.

కొలత మాత్రం ఆమె దగ్గరే ఉంది. ఆ పాటలన్నీ తను రాసినవో, ఇంకొకరితో కలిసి రాసినవో. అందుకని రెండు పనులు చేయగలిగింది. ఒకటి, ఎవరైనా ఆ పాత రికార్డుని సినిమాలోనో ప్రకటనలోనో వాడుకోవాలంటే జాడీ ఓనరూ ఒప్పుకోవాలి, కొలత ఓనరూ ఒప్పుకోవాలి. ఆమె ఒప్పుకోకపోతే కొన్నవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే. రెండోది నువ్వు అడిగింది. అదే కొలతతో కొత్త జాడీ పెట్టుకుంది. ఇన్నేళ్లదాకా అదే పాట మళ్లీ పాడకూడదని ఇలాంటి ఒప్పందాల్లో ఒక షరతు ఉంటుంది. అది తీరిపోయాక 2021లో 'ఫియర్‌లెస్', 'రెడ్', 2023లో 'స్పీక్ నౌ', '1989' ఆల్బమ్‌లు మళ్లీ పాడి, పక్కన 'టేలర్స్ వెర్షన్' అని రాసి వదిలింది. మీ హాస్టల్లో వినేది కూడా అవే అయ్యుంటాయి. కొత్త జాడీ వచ్చాక పాత జాడీకి గిరాకీ తగ్గదూ?

దీన్ని పత్రికలవాళ్లు రీరికార్డింగ్ అంటుంటే మా పాతకాలంవాళ్లు తికమకపడుతున్నారు. మన సినిమావాళ్ల రీరికార్డింగ్ వేరు, అది సీన్ల వెనక వాయించే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్.

చివరికి 2025 మే 30న, మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లూ షామ్‌రాక్ నుంచి తానే కొనేసుకున్నానని ప్రకటించింది. 2018లో కొత్త కంపెనీకి మారినప్పుడే, ఇకమీదట పాడేవాటి మాస్టర్లు తనవే అని రాయించుకుంది. నన్నడిగితే ఆమె తెలివి కొనుక్కోవడంలో కంటే అక్కడే కనపడుతుంది. కొనడానికి డబ్బుంటే చాలు.

*

ప్రశ్న: మైకేల్ జాక్సన్ బీటిల్స్ పాటలు కొనేశాడని మా నాన్న చెప్పేవారు. అంటే ఆ రికార్డులు అమ్మిన డబ్బంతా జాక్సన్‌కి పోయేదా?
– ఓ పాఠకుడు, సూర్యారావుపేట, విజయవాడ

జవాబు: అంతా పోయేది కాదు బాబూ. అతను కొన్నది కొలతలు. జాడీలు ఈఎంఐ కంపెనీ దగ్గరే ఉన్నాయి. 1985లో ఏటీవీ అనే పబ్లిషింగ్ కంపెనీని 4 కోట్ల 75 లక్షల డాలర్లకి కొన్నాడు. దాదాపు నాలుగు వేల పాటలు. వాటిలో బీటిల్స్ బ్యాండులోని నలుగురిలో లెనన్, మెకార్ట్నీ అనే ఇద్దరు కలిసి రాసినవి రెండొందల యాభై దాకా. పబ్లిషింగ్‌లో డబ్బుందని జాక్సన్‌కి చెప్పింది ఎవరనుకున్నావు? సాక్షాత్తూ మెకార్ట్నీయే! ఇద్దరూ కలిసి పాడే రోజుల్లో కబుర్లలో చెప్పాడు. కుర్రాడు శ్రద్ధగా విన్నాడు.

1987లో నైకీ బూట్ల ప్రకటనలో బీటిల్స్ పాట ఒకటి, వాళ్లు పాడిన రికార్డే, వాడారు. రికార్డుకి ఒక వైపు నుంచి అనుమతి, పాటకి జాక్సన్ వైపు నుంచి అనుమతి. పాడిన నలుగురి కంపెనీ కోర్టుకెళ్లింది. 1995లో జాక్సన్ తన ఏటీవీని సోనీతో కలిపి చెరిసగం చేశాడు. అతను పోయాక, 2016లో, ఆ సగానికి సోనీ అతని వారసులకిచ్చింది 75 కోట్ల డాలర్లు. ఇంకొకటి, తన సొంత పాటల పబ్లిషింగ్‌ని ఈ బేరాల్లో కలపకుండా మైజాక్ అనే వేరే కంపెనీలో పెట్టుకున్నాడు. అమ్మే పొలం వేరు, ఉంచుకునే పొలం వేరు అని తెలిసిన రైతు లెక్క.

*

ప్రశ్న: మాస్టారూ, మా చెల్లెలు జానపదాలు బాగా పాడుతుంది. యూట్యూబులో పెట్టిన రెండు పాటలు బాగా వెళ్లాయి. ఒకటి మా నాయనమ్మ నాట్లప్పుడు పాడే పాట. ఇంకొకటి మా బావ రాసి బాణీ కట్టింది. రికార్డింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఇప్పుడో కంపెనీవాళ్లు రెండింటికీ కలిపి నలభై వేలిస్తామంటున్నారు. అగ్రిమెంట్ నాలుగు పేజీలు ఇంగ్లీషులో ఉంది. 'ఆల్ రైట్స్' (అన్ని హక్కులూ), 'పర్పెచ్యువల్' (శాశ్వతంగా), 'వరల్డ్‌వైడ్' (ప్రపంచమంతటా) అని ప్రతి పేజీలోనూ ఉంది. శుక్రవారంలోగా సంతకం పెట్టి పంపాలట. టెన్షన్‌గా ఉంది, పెట్టమంటారా?
– ఓ అన్న, మంగళగిరి

జవాబు: శుక్రవారం పెట్టొద్దు తమ్ముడూ. తొందర వాళ్లదైనప్పుడు అవసరం కూడా వాళ్లదే.

ముందు నా సంగతి చెబుతాను, తర్వాత నీ సంగతి. 1989లో, దసరాకి రెండు నెలల ముందు, కనకదుర్గమ్మ మీద ఎనిమిది పాటలు రాశాను. బాణీలూ నావే. ఓ క్యాసెట్ కంపెనీ ఆయనకి వినిపిస్తే బల్ల మీద దరువేస్తూ విన్నాడు. అక్కడికక్కడే పదిహేను వందలు చేతిలో పెట్టి, స్టాంపు పేపరు మీద "ఈ పాటలపై సర్వహక్కులూ శాశ్వతంగా" అని టైపు కొట్టించాడు. ఇలాంటి కాగితాలకి పద్దులు రాసేవాణ్ని నేనే! అయినా నా పేరు క్యాసెట్ అట్ట మీద పడుతుందన్న సంబరంలో ఆ లైను చదివి కూడా చదవలేదు. పేరు పడింది, ఒక అక్షరం తప్పుతో.

ఆ ఏడాది దసరాకి కొండ కింద క్యూలో నిలబడితే మైకులో మూడో పాట వచ్చింది. మా ఆవిడ నా భుజం మీద తట్టింది. ముందున్న పెద్దావిడ అప్పటికే చరణం అందుకుని పాడుతోంది. అంత సంతోషం మళ్లీ ఎరగను. అందుకని ఆ పదిహేను వందల గురించి ఇరవై ఏళ్లు నాకు బాధ కూడా లేదు.

తర్వాత ఆ కంపెనీ ఇంకొకరి చేతికీ, అక్కణ్నుంచి మరొకరి చేతికీ పోయింది. నాలుగేళ్ల కింద మా మనవరాలు అదే మూడో పాటని ఇంట్లో హార్మనీ పెట్టుకుని పాడి యూట్యూబులో పెట్టింది. రెండో రోజు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. రాసింది తాత, బాణీ తాతది, గొంతు మనవరాలిది, హార్మనీ మా నాన్నది. డబ్బు వస్తే వాళ్లకట. "తాతయ్యా, నువ్వే కదా రాసింది?" అని ఫోన్ తెచ్చి చూపించింది. స్విఫ్ట్‌కి పోయింది జాడీ. నాకు కొలతే పోయింది.

ఇప్పుడు నీ సంగతి. నాయనమ్మ పాట తరాల నాటిదైతే అది ఎవరి సొత్తూ కాదు. నువ్వు అమ్మలేవు, వాళ్లు కొనలేరు. నీ చేతిలో ఉన్నది నీ చెల్లెలి రికార్డు మాత్రమే. కాబట్టి ఆ పాటకి సంబంధించి "ఈ ఒక్క రికార్డింగు" అనే రాయించు. లేకపోతే రేపు పక్క ఊరి పిల్ల అదే నాట్ల పాట పాడితే ఆమె మీద క్లెయిమ్ వేస్తారు. ఆ పాపం మీ నాయనమ్మ ఖాతాలో పడుతుంది.

బావ పాట అసలైన ఆస్తి. మాటలూ బాణీ బావవి. అది నువ్వూ చెల్లెలూ అమ్మేది కాదు, బావ సంతకం లేకుండా ఆ కాగితం చెల్లదు. రికార్డింగ్ ఖర్చు నీది కాబట్టి మాస్టర్ నీది. అంటే కొలతా జాడీ రెండూ ఇంట్లోనే ఉన్నాయి. ఇరవై ఏళ్ల క్రితం ఏ గాయకుడికీ ఈ భాగ్యం లేదు. స్టూడియో అద్దె, వాద్యగాళ్ల బత్తా ఎవడు పెట్టుకోగలిగేవాడు? ఇప్పుడు ఓ గదీ, ఓ మైకూ, ఓ కంప్యూటరూ చాలు. నలభై వేలకి ఇంత బేరం వాళ్లకెక్కడ దొరుకుతుంది?

అమ్మొద్దు, కౌలుకివ్వు. ఇంగ్లీషు కాగితంలో 'అసైన్‌మెంట్' అంటే అమ్మకం, 'లైసెన్స్' అంటే కౌలు. మూడేళ్లో ఐదేళ్లో గడువు రాయించు. గడువు తీరాక పాట నీ చేతికి రావాలి. వచ్చే డబ్బులో నీకింత వాటా అని శాతం రాయించు. ఆ నలభై వేలూ అడ్వాన్సు కింద తీసుకో. నేను సంతకాల గది బయట కూర్చుని చూసినంతలో, నలభై వేలిస్తామన్నవాడు ఈ మార్పులు అడిగితే ఒకటి రెండు సార్లు ఫోన్ పెట్టేస్తాడు. మూడోసారి తనే చేస్తాడు. చేయకపోతే నీ చానెల్ నీకుంది.

'పర్పెచ్యువల్', 'వరల్డ్‌వైడ్' అని ప్రతి పేజీలో ఎందుకు రాస్తారో తెలుసా? మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, అమ్మకం కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లే అని లెక్క. ఎక్కడెక్కడ అని రాయకపోతే మన దేశం వరకే. అందుకని వాళ్లు ఆ రెండు మాటలూ మర్చిపోరు. ఈ రక్షణ 1994 సవరణతో వచ్చింది. అంతకుముందు రాసుకున్నవాటికి వర్తించదని అందులోనే ఉంది. నా సంతకం 1989 నాటిది.

ఇంకో మంచి మాట. 2012లో చట్టం మార్చారు. దాంతో పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ వచ్చే రాయల్టీ వాటాని వదులుకుంటున్నామని రాసిచ్చినా అది చెల్లదు. కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో కూర్చుని దీనికోసం గట్టిగా పోరాడాడు. కాబట్టి బావని ఐపీఆర్ఎస్‌లో సభ్యుడిగా చేరమను. 1969 నుంచి ఉన్న సొసైటీ, రచయితలకీ సంగీతం కట్టేవాళ్లకీ రాయల్టీ వసూలు చేసి పెడుతుంది. గాయకులకి వేరే సంఘం ఉంది, ఒకప్పుడు ఇస్రా అనేవారు, ఇప్పుడు ఇసామ్రా అంటారు. చెల్లెల్ని అందులో చేర్పించు. నాలుగు పేజీలూ తెలుగులో చెప్పగల ప్లీడరుకి ఓ వెయ్యో రెండు వేలో ఖర్చుపెట్టు. నలభై వేల బేరంలో అది లెక్కలోది కాదు.

*

ప్రశ్న: మాది ఆర్కెస్ట్రా. పెళ్లిళ్లలో, అప్పుడప్పుడూ టికెట్ షోల్లో సినిమా పాటలు పాడతాం. బాలుగారంతటివారికే నోటీసు వచ్చిందని విన్నాక మావాళ్లు భయపడుతున్నారు.
– ఓ గాయకుడు, పటమట, విజయవాడ

జవాబు: 2017లో బాలుగారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజాగారి తరఫున నోటీసు వెళ్లింది. నలభై ఏళ్ల స్నేహం వాళ్లది. జనం రెండు పార్టీలుగా చీలి తిట్టుకున్నారు. తర్వాత ఇద్దరూ మళ్లీ ఒకే వేదికెక్కారు. నా మటుకు నాకు, బాలుగారి గొంతు లేకుండా ఆ పాటల్ని ఊహించలేను. కానీ అడిగిన పద్ధతి సంగతి ఎలా ఉన్నా, అడిగిన హక్కు కొత్తగా పుట్టించింది కాదు. పాడినవాడికీ కట్టినవాడికీ వేరువేరు హక్కులున్నాయి.

పెళ్లి గురించి బెంగ వద్దు. చట్టం 52వ సెక్షన్‌లో మతపరమైన వేడుకలకి మినహాయింపు ఉంది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన సంబరాలు కూడా అందులోకే వస్తాయని వివరణ ఇచ్చారు. టికెట్ షో అలా కాదు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో టికెట్ పెట్టి పాడితే పాటల లైసెన్సు తీసుకోవాలి. మామూలుగా అది నిర్వాహకుడి పని, ఆ సంగతి ముందే కాగితం మీద రాయించుకోండి. మీరు సొంతంగా వాయించుకుంటే పాట లైసెన్సు చాలు. ఎవరో చేసిన కరోకే ట్రాక్ పెట్టి పాడితే ఆ ట్రాక్ కూడా ఒక రికార్డే, దానికీ ఒక ఓనరుంటాడు.

*

ప్రశ్న: ఘంటసాలగారు పోయి యాభై ఏళ్లు దాటింది. ఆయన పాత పాటలు చానెల్లో పెట్టుకోవచ్చా?
– ఓ రిటైర్డ్ ఉద్యోగి, తెనాలి

జవాబు: ఉదాహరణకి 1951 నాటి 'పాతాళభైరవి' తీసుకోండి. రికార్డు మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. అది 2011తో అయిపోయింది. కానీ మాటల మీద, బాణీ మీద హక్కు రాసినవారు పోయిన తర్వాత 60 ఏళ్లు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు, సంగీతం చేసిన ఘంటసాలగారు 1974లో. అంటే మాటలకి 2031 దాకా, బాణీకి 2034 దాకా హక్కుంది. ఆయన గొంతుకి స్వేచ్ఛ వచ్చింది గానీ, అదే మనిషి కట్టిన బాణీకి ఇంకా రాలేదు. కాబట్టి ఇప్పుడు పెట్టకండి.

*

ప్రశ్న: రాసిన పాటని మనకి మనమే పోస్టులో పంపుకుని, కవరు విప్పకుండా దాచుకుంటే కాపీరైట్ వస్తుందంటారు, నిజమేనా?
– ఓ యువకవి, సత్తెనపల్లి

జవాబు: కాపీరైట్ నువ్వు రాసిన క్షణంలోనే వస్తుంది. కవరు ఏమీ తేదు. ఎవరు ముందు రాశారన్న తగాదా వస్తే చూపించుకోవడానికి రిజిస్ట్రేషన్ పనికొస్తుంది. పాటకి ఫీజు 500 రూపాయలు, రికార్డుకి 2,000. ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. ఆ పోస్టు డబ్బులతో టీ తాగు.

*

ప్రశ్న: అందరికీ చెబుతున్నావు సరే, స్విఫ్ట్‌లాగా నీ అమ్మవారి పాటలు నువ్వూ కొనుక్కోవచ్చుగా?
– నీ పాత స్నేహితుడు, గవర్నర్‌పేట

జవాబు: ఒరేయ్, నీ చేతిరాత నేను గుర్తుపట్టనా? అడిగాను. ఇప్పుడు ఆ క్యాసెట్ ఉన్న కంపెనీకి ఫోన్ చేస్తే, ఓ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఒక్క క్యాసెట్ విడిగా అమ్మరట, మూడొందల చిల్లర క్యాసెట్లు ఒకే మూటగా కొన్నారట. పోనీ నేను సంతకం పెట్టిన కాగితం కాపీ అయినా ఇవ్వమన్నాను. నా దగ్గరున్నది 1998లో ఇల్లు మారినప్పుడు పోయింది. అందులో నేను అమ్మింది ఎనిమిది పాటలా, ఆరా అని మా ఆవిడకి అనుమానం. చివరి రెండూ కాగితం టైపయ్యాక రాశానని ఆవిడ గట్టిగా చెబుతోంది. పాత కాగితాలు గోడౌన్లో ఉన్నాయి, వెతికిస్తామన్నారు. నెలన్నర అయింది. సోమవారం మళ్లీ ఫోన్ చేస్తాను.